అన్న చేతి మీద బిళ్ళ

మా అన్నను తాగుబోతు అనుకుని జనం కొట్టిన రోజు నేను బడిలో మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్తున్నాను. సూరత్‌లో మగ్గాల పనికి వలస వచ్చిన మావాళ్ల పిల్లల కోసం ఉన్న మునిసిపల్ తెలుగు బడుల్లో ఒకదానిలో నేను టీచర్ని. ఫోన్ చేసింది మా కోసాడ్ కాలనీలోనే ఉండే ఒకామె.

"టీచరమ్మా, మీ అన్న అమ్రోలి కూరగాయల మార్కెట్ల కింద పడ్డడు. మంది కొడుతున్నరు. జల్ది రా," అంది. ఆమె మాట వెనక గుజరాతీలో అరుపులు వినిపిస్తున్నాయి.

నేను వెళ్లేసరికి అన్న ఒక తోపుడు బండి పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. ఒళ్లో ఒక కాలీఫ్లవర్ ఉంది. దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకుని ఎటో చూస్తున్నాడు. ఆ పువ్వు తీసుకుని డబ్బులివ్వకుండా నడుచుకుంటూ వెళ్లిపోయాడట. బండివాడు ఆపితే ఏదో గొణిగాడట, చెయ్యి పట్టుకుంటే విదిలించి మీదికి వచ్చాడట. దాంతో నలుగురూ పోగయ్యారు. "దారూ పీధో ఛే, దారూ," అని ఒకడు అందరికీ చెప్తున్నాడు. గుజరాత్‌లో తాగడం నేరం. అందుకే పట్టపగలు తూలుతున్న మనిషి కనబడితే ఇక్కడి వాళ్లకు తాగుడు తప్ప జబ్బు తట్టదు. అప్పటికే ఒక పోలీసాయన వచ్చి మోటార్ సైకిల్ స్టాండ్ వేస్తున్నాడు.

నేను ఆయనకూ అన్నకూ మధ్య నిలబడి, "దారూ నహీ సాబ్, షుగర్ హై, షుగర్ గిర్ గయా," అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఎదురుగా చెరకు రసం బండి ఉంటే అక్కడి నుంచి గ్లాసు లాక్కొచ్చి అన్న నోటి దగ్గర పెట్టాను. సగం చొక్కా మీదే పోయింది. పోలీసాయన వంగి అన్న నోరు వాసన చూశాడు. జనాన్ని కాస్త వెనక్కి జరిపాడు. రెండో గ్లాసు తాగుతుండగా అన్న కళ్లు మెల్లగా కుదురుకున్నాయి.

"నువ్వేంది ఇక్కడ? ఇయ్యాల బడి లేదా?" అన్నాడు.

తర్వాత చిరిగిన జేబు చూసుకున్నాడు. చుట్టూ ఉన్న మనుషులను చూశాడు. చెంప తడుముకున్నాడు. లేచి, ఒళ్లోని పువ్వును బండి మీద జాగ్రత్తగా పెట్టి, బండివాడికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. కొట్టినవాడికే దండం పెట్టాడు.

అన్న నాకంటే చాలా పెద్దవాడు. సిరిసిల్ల వైపు పల్లెలో నాన్న పోయాక సాంచాలు నడపడానికి సూరత్ వచ్చాడు. సాంచాలంటే మరమగ్గాలు. మా వైపు అట్లాగే అంటారు. కొన్నాళ్లకు అమ్మనూ నన్నూ తెచ్చుకున్నాడు. నన్ను తెలుగు బడిలో వేసింది, టీచర్ ట్రైనింగ్ దాకా చదివించింది ఆయనే. ఆయన వయసు ఇరవై దాటిందో లేదో, ఉన్నట్టుండి కట్టెపుల్లలా చిక్కిపోయాడు. బిందెడు నీళ్లు తాగినా దప్పిక తీరేది కాదు. షుగర్ అన్నారు. మాత్రలతో లొంగే రకం కాదన్నారు. ఆ రోజు మొదలు పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది. పెళ్లయ్యాక సూది పొడిచే పని వదిన తీసుకుంది. సూది వేశాక టైముకు తిండి పడాలి, పడకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. సాంచాల మీద నిలబడ్డ మనిషికి టైముకు తిండి ఎక్కడ దొరుకుతుంది? పోగు తెగితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే బట్ట ఆగుతుంది. పక్కవాడు తిని వచ్చి ఇతని సాంచాలు చూస్తేనే ఇతను టిఫిన్ విప్పేది.

మార్కెట్‌లో దెబ్బలు తిన్న మరునాడే మేం డాక్టర్ దగ్గరికి వెళ్లాం. వరంగల్ నుంచి వచ్చిన కుర్ర డాక్టర్. మావాళ్లతో తెలుగులోనే మాట్లాడతాడు.

"అన్నా, షుగర్ పడిపోయే ముందు చేతులు వణుకుడు, చెమట పట్టుడు, గుండె దడ, ఇవేమన్న వస్తయా?" అని అడిగాడు.

"మొదట్ల వస్తుండె సార్. ఇప్పుడేం తెల్వది. కరెంట్ పోయినట్టు అయితది, గంతే."

డాక్టర్ పెన్ను కింద పెట్టాడు. "ఏండ్ల తరబడి పడిపోయి పడిపోయి నీ ఒళ్లు చెప్పుడు బంద్ చేసింది. ఇట్లయితే ఒక్కనివి తిరుగుడు డేంజర్. చేతికి పెట్టుకునే సెన్సార్ ఒకటి ఉంటది. ఒళ్లు చెప్పనిది అది చెప్తది."

"గడియారం లెక్కనా సార్?"

"గడియారం కాదు, బిళ్ళ. జబ్బకు అతికించుకుంటవ్. నీ షుగర్ ఎంతుందో ఎప్పటికప్పుడు ఫోన్‌ల చూపిస్తది. తగ్గుతుంటే మోగుతది. మీ చెల్లె ఫోన్‌ల గూడ చూపిస్తది."

ఖరీదైన వస్తువే. రెండు వారాలకొకటి మార్చాలి. అన్న వద్దన్నాడు. వదిన ఎప్పుడూ ఆయన మాటకు ఎదురు చెప్పేది కాదు. ఆ రోజు మాత్రం డాక్టర్ ముందే, "నడిబజార్ల దెబ్బలు తినుడు కన్న ఖరీదా?" అంది. ఆ మాటతో అన్న చొక్కా చేతులు పైకి మడిచాడు.

తెల్లగా, రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. లోపలికి వెంట్రుక లాంటి సన్నని తీగ ఒకటి దిగుతుంది. పెట్టినప్పుడు టక్కుమని చప్పుడైంది, అన్న కళ్లు మూసుకున్నాడు, తెరిచి, "గింతేనా?" అన్నాడు. ఇంటికొచ్చాక వదిన ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆమె చదువుకోలేదు. ఇంట్లోనే చీరలకు రాళ్లు అతికించే పని చేస్తుంది. అంకెలు తెలుసు. అంకె పక్కన ఒక బాణం గుర్తు ఉంటుంది. "పైకి చూస్తే పెరుగుతున్నట్టు, కిందికి చూస్తే పడిపోతున్నట్టు. గంతే కదా? దీనికి చదువెందుకు?" అంది. ఆ సాయంత్రం ఆమె ముఖంలో నేను చాలా ఏళ్లుగా చూడని తేటదనం చూశాను. అన్న నిద్రపోతుంటే మధ్యమధ్య లేచి ఆయన నుదురు తడిమి చూడటం ఆమెకు పెళ్లయినప్పటి నుంచి అలవాటు. ఇక ఫోన్ మోగితేనే లేస్తానంది.

కొన్ని నెలలు ఆ బిళ్ళ మమ్మల్ని నిజంగానే ఆదుకుంది. ఆ మాట దాచను. అన్నకు షుగర్ ఎప్పుడు పడిపోతోందో అప్పటిదాకా మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. బరువు పని చేసినప్పుడు అనుకునేవాళ్లం. తీరా ఫోన్‌లో షుగర్‌ను చూపిస్తూ సాగే గీత చూస్తే, తిండికి ముందు, పక్కవాడి కోసం ఎదురు చూసే ఆ కాసేపట్లోనే అది జారిపోతోంది. డాక్టర్ అది చూసి పొద్దుటి సూదిలో మందు తగ్గించాడు, మధ్యలో బిస్కెట్లు తినమన్నాడు. పడిపోవడాలు తగ్గాయి. ఒకసారి సిటీ బస్సులో ఫోన్ మోగితే తనే జేబులోంచి గ్లూకోజ్ పొడి తీసి నోట్లో వేసుకున్నానని అన్న పండగ కబురులా చెప్పాడు. "మస్తు చీజ్ చెల్లె ఇది. ముందుగాల ఉంటే ఎంత బాగుండు," అన్నాడు.

నేను మాత్రం బడిలో ఉన్నా బడిలో లేను. పిల్లలకు డిక్టేషన్ చెప్తూ బల్ల మీది ఫోన్ వైపు చూసేదాన్ని. నన్ను పెంచిన మనిషి బతుకు మొత్తం ఒక గీతగా మారి నా కళ్లముందు పాకుతుండేది. గీత పైకి లేస్తే తిన్నాడన్నమాట. లేవకపోతే ఇంకా తినలేదు. ఒక మధ్యాహ్నం అది నిటారుగా పైకి పోయింది. ఫోన్ చేసి, "ఏం తిన్నవన్నా?" అని అడిగాను. ఎవరికో కొడుకు పుట్టాడని దూద్‌పేడాలు పంచారట. "తిన్న, దొరికిపోయిన," అని నవ్వాడు. ఇంకోసారి అడిగినప్పుడూ నవ్వాడు. ఆ తర్వాత ఒక రోజు నవ్వలేదు. "నా కడుపుల ఏం పడ్డదో బడిల కూసోని నీకెందుకు చెల్లె? జర నన్ను బతకనియ్యి," అన్నాడు. ఆ మర్నాడు ఫోన్ ఇంట్లోనే వదిలేసి పనికి పోయాడు. బిళ్ళ చేతికే ఉంది. ఫోన్ దగ్గర లేకపోతే అది ఎవరికీ ఏమీ చెప్పదు. ఆ రోజు నా ఫోన్‌లో గీత తెగిపోయి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెల్లగా, ఖాళీగా కనిపించింది.

ఎండాకాలం మధ్యలో ఒక రోజు ఇంటర్వెల్‌కు ముందు నా ఫోన్ మోగింది. అంకె చిన్నది, బాణం తిన్నగా కిందికి ఉంది. అన్నకు చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. సాంచాల మోతలో పక్కన మనిషి చెవిలో అరిచినా వినబడదు. నేలే అదురుతుంటుంది కాబట్టి జేబులో ఫోన్ అదిరినా తెలియదు. డాక్టర్‌కు గానీ, మాకు గానీ, ఆ బిళ్ళ తయారుచేసిన వాళ్లకు గానీ ఆ సంగతి తట్టలేదు. అన్న పక్క వరసలో పనిచేసే మా ఊరాయనకు చేశాను. ఆయనకూ వినబడలేదు. చివరికి కార్ఖానా మాస్టర్‌కు చేశాను. తలుపు దగ్గర అద్దాల గదిలో కూర్చుంటాడు కాబట్టి ఆయన ఎత్తాడు. "మాస్టర్‌జీ, మా అన్నను చూడండి, ఇప్పుడే చూడండి," అని హిందీలో అన్నాను. ఆయన ఏమీ అడగకుండా ఫోన్ బల్ల మీద పడేసి పరిగెత్తాడు. నేను ఫోన్ చెవిలోనే పెట్టుకుని సాంచాల మోత వింటూ నిలబడ్డాను. పిల్లలు నన్నే చూస్తున్నారు.

మాస్టర్ చేరేసరికి అన్న రెండు సాంచాల మధ్య సందులో నిలబడి, తెగని పోగును ముడి వేయడానికి నడుస్తున్న మగ్గంలోకి చెయ్యి పెడుతున్నాడట. మాస్టర్ నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. వేలి కొనల మీద చర్మం లేచింది, అంతే. చాయ్‌లో చక్కెర గుమ్మరించి తాగించారు.

ఆ ఆదివారం మాస్టర్ మా ఇంటికి వచ్చాడు. యూపీ నుంచి వచ్చి ఇక్కడే తల నెరిసిన మనిషి. వదిన చాయ్ ఇచ్చింది. కప్పు చేతిలో పట్టుకునే ఉన్నాడు, తాగలేదు. ఆయన అన్నది హిందీలోనే, నాకు గుర్తున్నంత వరకు ఇది: "నీ చెయ్యి లోపలికి పోతుంటే చూశాను తమ్ముడూ. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. కార్ఖానా సేఠ్‌కు తెలిసింది. నేను చెప్పలేదు, అందరూ చూశారు కదా. చేతికి మిషన్ కట్టుకున్న మనిషిని సాంచాల మధ్య నిలబెడితే రేపు ఏమన్నా అయితే జవాబు ఎవరు చెప్పాలి అంటున్నాడు. నేను ఏమనను?"

"నేనేం తప్పు జేసిన మాస్టర్?" అన్నాడు అన్న.

"తప్పు లేదు," అన్నాడు ఆయన. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

తలుపు మూసుకున్నాక అన్న నా మీద పడ్డాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"గా బిళ్ళ లేకముందు ఏండ్లకేండ్లు గదే కార్ఖానల చేసిన. ఎవడన్న పొమ్మన్నడా?"

"బిళ్ళ లేకుంటే ఆ రోజు చెయ్యి పోతుండె అన్నా."

"ఎరుకే. చెయ్యి మిగిలింది, పని పోయింది. గీ చెయ్యి పెట్టుకొని ఏం జెయ్యాలె ఇప్పుడు?"

వదిన వంటింట్లోకి పోయింది. నేను ఫోన్‌లో గీత చూశాను. కోపానికి అది కొద్దికొద్దిగా పైకి లేస్తోంది. చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఆ తర్వాత కొన్నాళ్లు రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌లో మూటలు మోశాడు. మూటలు మోసే పనికి ఎవరూ ఆరోగ్యం అడగరు. లిఫ్ట్ చెడిపోయిన రోజుల్లో మెట్ల మీదుగా పై అంతస్తులకు ఎక్కేవాడు. బిళ్ళ మోగుతూనే ఉండేది, అన్న గ్లూకోజ్ పొడి బుక్కుతూనే ఉండేవాడు. ఒక రోజు మూట దింపుతుంటే తాడు తగిలి బిళ్ళ ఊడి వచ్చింది. మోచేతి దాకా నెత్తురు కారింది. ఇంటికొచ్చి అది వదిన చేతిలో పెట్టి, "దీనికి సూరత్ పడదు," అన్నాడు. వదిన బతిమాలి ఇంకోటి పెట్టించింది.

వానలు మొదలయ్యే ముందు ఇచ్ఛాపూర్‌లో ఒక బట్టల మిల్లులో పని దొరికింది. కోసాడ్ నుంచి చాలా దూరం. పనికి మాట్లాడుకోవడానికి నిండు చేతుల చొక్కా వేసుకుని వెళ్లాడు. జబ్బు సంగతి చెప్పలేదు. వచ్చి, మెట్ల మీద కూర్చున్న నాతో అన్నాడు: "పని మంచిదే. కని ఫోన్లు గేటు కాడనే పెట్టాలె. లోపలికి పోనియ్యరు."

"మరి బిళ్ళ?"

"ఫోన్ లేంది బిళ్ళేం జేస్తది? దినమంత గుడ్డిగ ఉండేటిదానికి గంత ఖర్చెందుకు?"

"రానుపోను తొవ్వ కోసమన్న ఉంచుకో అన్నా. ఇచ్ఛాపూర్ అంటే దగ్గరా?"

"తొవ్వల చాయ్ తాగుత, బిస్కెట్ తింట. నువ్వు పరేషాన్ గాకు."

"మిల్లుల చెప్తే తప్పేంది? జేబుల ఫోన్ పెట్టుకోనియ్యుమని అడుగు."

"అడిగితే పనిల పెట్టుకుంటరా చెల్లె?" అన్నాడు. చేతికి ఉన్న బిళ్ళ గడువు తీరాక కొత్తది పెట్టుకోలేదు. ఒకటి అల్మారాలో డబ్బాతో సహా ఉండిపోయింది. వదిన రోజూ ఆయన జేబులో గ్లూకోజ్ పొట్లం పెట్టేది, గుమ్మం దాకా వచ్చి తడిమి మరీ చూసేది.

వానాకాలం మధ్యలో ఒక రోజు సాయంత్రం వాన గట్టిగా పడింది. మిల్లులో మిషన్ ఏదో చెడిపోయి మధ్యాహ్నం తిండి ఆలస్యమైందని, టిఫిన్ సగమే తిని లేచాడని ఆయనతో పనిచేసినవాళ్లు తర్వాత చెప్పారు. షిఫ్ట్ అయ్యాక గేటు దగ్గర ఫోన్ తీసుకుని, షేర్ ఆటో ఎక్కాడు. ఆటోలో పక్కనున్న ఆడమనిషి మీదికి ఒరిగాడు. సర్దుకుని కూర్చోమంటే ఏదో అడ్డదిడ్డంగా మాట్లాడాడు. ఆమె భయపడి అరిచింది. మిగతావాళ్లు "తాగి ఉన్నాడు, దింపెయ్" అన్నారు. ఆటోవాడు దింపేశాడు. ఆ ఆటోవాడిని తర్వాత వెతికి పట్టుకుని నేను మాట్లాడాను. చెడ్డవాడు కాదు. "అక్కా, తాగాడనుకున్నాను. పోలీసుల కంట పడితే పట్టుకుపోతారని, తడవకుండా ఫ్లైఓవర్ కింద కూర్చోబెట్టాను. టిఫిన్ డబ్బా పక్కనే పెట్టాను," అన్నాడు. అన్నకు మేలు చేశానని అతను నిజంగానే అనుకున్నాడు.

మేం ఆ రాత్రంతా వెతికాం. మిల్లు దగ్గర, బస్టాండుల్లో, ఆస్పత్రుల్లో, పోలీస్ స్టేషన్‌లో. ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తే మనిషి లేడు. తెల్లవారాక రోడ్లు ఊడ్చే ఒకామె ఆ మోత విని ఫోన్ ఎత్తింది. వాన తగ్గింది. అన్న స్తంభానికి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయి ఉన్నాడు. నోటి పక్కన నురగ ఆరిపోయి ఉంది. ఊపిరి ఆడుతోంది. వదిన ఆయన జేబులో చెయ్యి పెట్టింది. పొట్లం విప్పకుండానే ఉంది, వాన జల్లుకు లోపల పొడి ముద్దయింది. అది కొంగున ముడి వేసుకుని, ఆమె ఆయన తల ఒళ్లోకి తీసుకుంది.

ఆస్పత్రిలో చాలా రోజులు కళ్లు తెరవలేదు. కుర్ర డాక్టర్ ఆ ఆస్పత్రివాడు కాకపోయినా చూడటానికి వచ్చాడు. బయట బెంచీ మీద మా ఇద్దరి మధ్య కూర్చుని, "మెదడుకు చక్కెరే తిండి అక్కా. అన్ని గంటలు తిండి లేక ఉండిపోయింది. ప్రాణం ఉంటది. మనిషి ఎంత వాపస్ వస్తడో నేను చెప్పలేను," అన్నాడు. వదిన ఆయన్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"బిళ్ళ ఉంటే బతుకుతుండెనా సార్?"

అన్న బతికే ఉన్నాడని డాక్టర్ ఆమెకు చెప్పలేదు. ఆమె అడిగింది ఏమిటో ఆయనకు అర్థమైంది. "ఫోన్ చేతిలకు వచ్చినాంక ఆటోల మోగుతుండె. మీకు గూడ తెలుస్తుండె," అని మెల్లగా అన్నాడు. "కని మోగినప్పుడు పక్కనున్నోళ్లు ఏమనుకుందురో నాకు తెల్వదు."

అన్న ఇంటికి వచ్చి ఇప్పటికి ఏడాది దాటింది. గోడ పట్టుకుని నడుస్తాడు. ఎడమ చెయ్యి వంకరగా ఛాతీకి అంటుకుని ఉంటుంది. వదినను చాలా రోజులు గుర్తుపడతాడు, కొన్ని రోజులు, ఎప్పుడో పోయిన మా అమ్మ అనుకుని అమ్మా అని పిలుస్తాడు. నన్ను చూసి, "టీచరమ్మా, పిల్లలు మంచిగ సదువుతున్నరా?" అంటాడు. కాలనీవాళ్లు పిలిచే పేరు ఎక్కడో అంటుకుని మిగిలింది, చెల్లె అన్న మాట పోయింది. పొద్దున లేవగానే షిఫ్ట్‌కు టైమైందని చెప్పులు వెతుక్కుంటాడు. "ఇయ్యాల కరెంట్ బంద్, సాంచాలు నడుస్తలేవు," అని వదిన చెప్తే సరేనని కూర్చుంటాడు. మర్నాడు మళ్లీ వెతుక్కుంటాడు.

జబ్బకు మళ్లీ బిళ్ళ పెట్టాం. అల్మారాలో ఉండిపోయిన డబ్బాలోదే మొదట పెట్టాం. వదిన రాళ్ల పని చేసుకుంటూ ఫోన్ ముందే పెట్టుకుంటుంది. టైముకు సూది, టైముకు ముద్ద. పోయిన నెల డాక్టర్ గీత అటూ ఇటూ జరిపి చూస్తూ, అలవాటు మీద, "ఇంత మంచి కంట్రోల్ నేను ఎవరికీ చూడలే," అనేశాడు. అన్నాక తల దించుకున్నాడు.

"ఎందుకుండదు సార్," అంది వదిన. "గిప్పుడు పనికి పోయేది లేదు కదా. టైముకు నేనే పెడుత. మంచిగనే ఉంటది."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఆ గదిలో కూర్చోలేక నేను బయటికి వచ్చేశాను.

కాలనీలో ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లు బిళ్ళ గురించి అడగడానికి నా దగ్గరికి వస్తారు. పనికొస్తుందా అంటారు. పనికొస్తుందనే చెప్తాను. మా అన్న చెయ్యి మగ్గంలో పడకుండా ఆపింది అదే, వదిన కొన్ని నెలలు కంటినిండా నిద్రపోయింది దానివల్లే. కానీ కొనేముందు పని దగ్గర ఫోన్ ఉంచుకోనిస్తారో లేదో కనుక్కోండి, మోగితే ఎవరు పరిగెత్తి వస్తారో ముందే మాట్లాడుకోండి అంటాను. పక్క బిల్డింగ్‌లో ఉండే ఒకామె ఆ మాట విని, "ఫోన్ ఉంచుకోనియ్యుండ్రి అని అడిగితేనే రోగం బయటపడుతది కదా టీచరమ్మా?" అంది. ఆమె భర్త ఎంబ్రాయిడరీ మిషన్ల మీద పనిచేస్తాడు, అన్నలాగే సూది మీద బతికే మనిషి. రెండు వారాలు ఆలోచించుకుని ఆమె ఆయన్ని తీసుకుపోయి బిళ్ళ పెట్టించింది. తను ఇళ్లల్లో పనికి పోతుంది, ఫోన్ చేతిలో ఉండదు. అందుకని రెండో ఫోన్‌గా నాది పెట్టమంది. వద్దనలేకపోయాను.

ఇప్పుడు నా ఫోన్‌లో రెండు గీతలు నడుస్తాయి. ఒకటి అన్నది, చదునుగా సాగుతుంటుంది. రెండోది నాకు పెద్దగా పరిచయం లేని ఆ మనిషిది, రోజంతా ఎగుడుదిగుడుగా పోతుంటుంది. నిన్న లెక్కలు చెప్తుంటే ఆ రెండోది మోగింది. బాణం కిందికి ఉంది. పిల్లలను నిశ్శబ్దంగా ఉండమని, నంబర్ నొక్కి చెవికి పెట్టుకున్నాను. చాలాసేపు మోగింది. తర్వాత అవతల మిషన్ల మోత, ఆ మోత మీద ఒక గొంతు.

"తింటున్న టీచరమ్మా, తింటున్న," అన్నాడు. నోట్లో బిస్కెట్ ఉన్నట్టుంది, మాట సరిగా రావడం లేదు.

గీత మళ్లీ పైకి తిరిగేదాకా నేను ఆపిన లెక్క మొదలుపెట్టలేదు.